గంటకు 800 డాలర్లు: బ్విండి అడవిలో గొరిల్లా పర్మిట్ డబ్బు దేనికి పోతుంది?

ఉగాండా నైరుతి మూలన, కాంగో సరిహద్దుకు ఆనుకుని బ్విండి అనే కొండ అడవి ఉంది. అక్కడ ఒక గొరిల్లా గుంపు దగ్గర గంట సేపు గడపాలంటే విదేశీయులు 800 డాలర్లు కట్టి పర్మిట్ తీసుకోవాలి. 2024 జులై నుంచి ఉన్న ధర ఇది. మన డబ్బులో 70 వేల రూపాయలకు అటూ ఇటూ. విమానం, బస, బండి ఖర్చులు వేరే. పక్కనున్న రువాండాలో అదే గంటకు 1,500 డాలర్లు. కాంగో వైపు 400 డాలర్లే గానీ అక్కడ సాయుధ ముఠాల భయం ఎప్పుడూ ఉంటుంది.

ఈ ధరలు విన్నవాళ్ళకు రెండు అనుమానాలు వస్తాయి. అడవి జంతువును చూడటానికి ఇంత డబ్బా, ఇదంతా ఉన్నవాళ్ళ వినోదం కాదా అన్నది ఒకటి. ఆ జంతువు మీద అంత ప్రేమే ఉంటే దాని మానాన దాన్ని వదిలేయాలి గానీ రోజూ మనుషుల్ని వెంటబెట్టుకుని పోయి దాని ముందు నిలబెట్టడం ఏమిటన్నది రెండోది. ఈ రెండో అనుమానాన్ని ముందు తేల్చుకోవాలి. అది తేలితే డబ్బు సంగతి దానంతటదే అర్థమవుతుంది.

ఏ గొరిల్లా, ఎన్ని ఉన్నాయి

గొరిల్లాల్లో రెండు జాతులు, వాటిలో మళ్ళీ నాలుగు ఉపజాతులు ఉన్నాయి. జూలలో మనం చూసేవి దాదాపు అన్నీ పశ్చిమ లోతట్టు గొరిల్లాలు. 2021లో జర్మనీ నుంచి మైసూరు జూకు వచ్చిన థాబో, డెంబా కూడా ఆ రకమే. కొండ గొరిల్లా వేరు. దాని ఒంటి మీద జుట్టు పొడుగ్గా, ఒత్తుగా ఉంటుంది. రాత్రిళ్ళు చలి కొరికే ఎత్తుల్లో బతకడానికి అది కావాలి. ప్రపంచంలో ఏ జూలోనూ ఒక్క కొండ గొరిల్లా కూడా లేదు. అంటే అడవిలో ఉన్నవే ఉన్నట్టు. అక్కడ పోతే మళ్ళీ తెచ్చి వదలడానికి వేరే చోట నిల్వ లేదు.

ఇవి బతికేది రెండే చోట్ల. ఒకటి విరుంగా అగ్నిపర్వతాల శ్రేణి. దాన్ని రువాండా, ఉగాండా, కాంగో మూడూ పంచుకున్నాయి. రెండోది బ్విండి, దానికి ఆనుకుని కాంగోలో ఉన్న సరాంబ్వే. రెంటి మధ్య దూరం పాతిక కిలోమీటర్లే అయినా ఆ మధ్యంతా పొలాలు, ఊళ్ళు. ఇక్కడి గొరిల్లా అక్కడికి పోలేదు. విరుంగాలో 2015-16 లెక్కల్లో 604, బ్విండిలో 2018 లెక్కల్లో 459, మొత్తం 1,063 తేలాయి.

ఆ లెక్క తీసే పద్ధతి కూడా చెప్పుకోదగ్గదే. గొరిల్లా ప్రతి రాత్రీ కొత్త గూడు అల్లుకుని పడుకుంటుంది. సర్వే బృందాలు అడవంతా జల్లెడ పట్టి, ఆ గూళ్ళు వెతికి, వాటిలో మిగిలిన పెంట నుంచి డీఎన్ఏ తీస్తాయి. ఏ గొరిల్లానూ రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండటానికే ఈ తిప్పలన్నీ. చాలా గుంపులు మనిషిని దగ్గరికి రానివ్వవు కాబట్టి ఒక్కొక్కటీ కంటితో చూసి లెక్కపెట్టడం కుదిరేపని కాదు.

వెయ్యి పైచిలుకు అంటే చాలా తక్కువ. అయితే 1981లో విరుంగా వైపు మిగిలినవి 250 చిల్లర మాత్రమే. మన కళ్ళముందే అంతరిస్తాయని అప్పట్లో చాలామంది నమ్మారు. 2018 నవంబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఈ ఉపజాతిని ‘తీవ్రంగా అంతరించిపోతున్న’ వర్గం నుంచి ఒక మెట్టు కింద ఉన్న ‘అంతరించిపోతున్న’ వర్గానికి మార్చింది. పెద్ద కోతుల జాతుల్లో సంఖ్య నిలకడగా పెరుగుతున్నట్టు రుజువైనది కొండ గొరిల్లా ఒక్కటే. మిగతా గొరిల్లాలు, చింపాంజీలు, ఒరంగుటాన్లు అన్నీ తగ్గుతున్నాయి. మరి దీనికి మాత్రం ఏం కలిసొచ్చింది?

వదిలేసినవి తగ్గాయి, వెంట ఉన్నవి పెరిగాయి

1960ల చివర రువాండాలో ఈ గొరిల్లాలున్న పార్కు నుంచి దాదాపు పది వేల హెక్టార్లు తీసి పైరెత్రమ్ సాగుకు ఇచ్చేశారు. పురుగుమందుల తయారీకి వాడే పూల పంట అది. 1970ల చివరికి మరో ఐదు వేల హెక్టార్లు పశువుల మేతకు ఇచ్చే ఆలోచన వచ్చింది. అప్పటికే అక్కడ 1967 నుంచి గొరిల్లాల మీద పరిశోధించే అమెరికన్ శాస్త్రవేత్త డయాన్ ఫాసీ కరిసోకే పరిశోధన కేంద్రం నడుపుతున్నారు. ఆమె వేటగాళ్ళ మీద యుద్ధమే చేశారు. ఆమెకు ప్రాణప్రదమైన డిజిట్ అనే మగ గొరిల్లాను 1977 డిసెంబరు 31న వేటగాళ్ళు చంపేశారు. 1985 డిసెంబరులో ఆమె కూడా తన కుటీరంలోనే హత్యకు గురయ్యారు. పర్యాటకులను గొరిల్లాల దగ్గరికి తీసుకురావడం ఆమెకు గిట్టేది కాదు.

ఆమె దగ్గరే పనిచేసిన బిల్ వెబర్, ఎమీ వెడ్డర్ దంపతులు మరో దారి పట్టారు. పేద దేశంలో, సెంటు భూమికి కొట్టుకునే చోట, అడవిని మిగల్చమని ప్రభుత్వాన్ని అడగాలంటే ఆ అడవి కూడా ఏదో ఒకటి సంపాదించి పెట్టాలి. పశువుల పథకం కన్నా గొరిల్లాలను చూపిస్తే దేశానికి ఎక్కువ వస్తుందన్నది వాళ్ళ వాదన. 1979లో కొండ గొరిల్లా ప్రాజెక్టు మొదలైంది. పశువుల పథకం ఆగింది, ఆ నేల పార్కులోనే ఉండిపోయింది. బ్విండిలో పర్యాటకం మొదలైంది తరవాత. 1991లో దాన్ని జాతీయ పార్కు చేశారు, 1993లో బుహోమా దగ్గర ముబారే గుంపును సందర్శకులకు చూపించడం మొదలుపెట్టారు.

గొరిల్లాను చూపించడమంటే పులి సఫారీలా జీపులో తిరుగుతూ కనిపిస్తే చూసి రావడం కాదు. ముందు ఆ గుంపు మనిషికి అలవాటు పడాలి. దానికి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. గొరిల్లాల జాడ పట్టే ట్రాకర్లు రోజూ అదే గుంపు దగ్గరికి పోతారు. మొదట్లో సిల్వర్‌బ్యాక్ మీదికి ఉరుకుతుంది. వీపు మీద వెండిరంగు జుట్టు వచ్చిన, గుంపుకు పెద్దయిన మగది అది. 160 కిలోలు దాటిన మృగం పళ్ళు చూపిస్తూ దూసుకొస్తుంటే పరుగెత్తకుండా, తల వంచుకుని, ఆకులు నములుతున్నట్టు నటిస్తూ కూర్చోవడం వాళ్ళ ఉద్యోగం. దాని గొంతు నుంచి వచ్చే మెల్లని గుర్రుమనే శబ్దాన్ని వాళ్ళూ నేర్చుకుని తిరిగి చేస్తారు. నెలల తరబడి ఏ హానీ జరగకపోయేసరికి ఒకరోజు అది వాళ్ళను పట్టించుకోవడం మానేస్తుంది. తిండి పెట్టి మచ్చిక చేసే పద్ధతి ఇక్కడ పూర్తిగా నిషిద్ధం.

అలవాటైన గుంపు దగ్గరికి ఆ తరవాత పర్యాటకులు వచ్చినా రాకున్నా ఏడాదిలో ప్రతి రోజూ ఎవరో ఒకరు పోతారు. ముక్కు మీది ముడతలు ఒక్కో గొరిల్లాకు ఒక్కో రకంగా ఉంటాయి, వాటిని బట్టి ప్రతిదాన్నీ పేరుతో గుర్తుపడతారు. ఏది దగ్గుతోంది, ఏది కుంటుతోంది, ఏ పిల్ల కనపడటం లేదు అన్నది ఆ పూటే తెలుస్తుంది. డుయికర్ అనే చిన్న జింకల కోసం, అడవి పందుల కోసం వేటగాళ్ళు పెట్టే ఉచ్చుల్లో గొరిల్లా పిల్లల చేతులూ కాళ్ళూ ఇరుక్కుంటాయి. వెంటనే తీయకపోతే కుళ్ళి చనిపోతాయి. తెలిసిన గుంపు అయితే ‘గొరిల్లా డాక్టర్స్’ సంస్థ పశువైద్యులు అక్కడికే వచ్చి, మత్తు బాణం వేసి, ఉచ్చు కోసి, మళ్ళీ గుంపులో కలుపుతారు.

విరుంగాలో 1967 నుంచి 2008 వరకు పోగుచేసిన లెక్కలను విశ్లేషించి 2011లో ఒక పరిశోధన వెలువడింది. మనిషికి అలవాటై రోజూ కాపలా, వైద్యం అందిన గుంపులు ఏటా 4.1 శాతం పెరిగాయి. అదే కొండల్లో, అదే పార్కు రక్షణలో ఉండి, అలవాటు కాని గుంపులు ఏటా 0.7 శాతం తగ్గాయి. దాని మానాన దాన్ని వదిలేయడమే మేలనే వాదనను ఈ ఒక్క పోలిక గట్టిగా దెబ్బతీస్తుంది. చుట్టూ ఉచ్చులు, తుపాకులు, ఆకలి ఉన్నచోట ఎవరూ చూడని గొరిల్లా ఎవరికీ తెలియకుండానే చచ్చిపోతుంది.

రోజూ అంతమంది మనుషులను అడవిలో ఉంచాలంటే జీతాలు కావాలి. ఆ జీతాలే 800 డాలర్లలో మొదటి ముక్క. బ్విండిలో ఇప్పుడు సందర్శకులకు చూపించే గుంపులు ఇరవైకి పైగా ఉన్నాయి. గుంపుకు రోజుకు ఎనిమిది మంది. ఇరవై గుంపులే అనుకున్నా నిండా అమ్ముడైన రోజున 160 పర్మిట్లు. ఉగాండా వన్యప్రాణి సంస్థ ఆదాయంలో చాలా భాగం ఈ కొండల నుంచే వస్తుంది, పర్యాటకులు పెద్దగా పోని మిగతా పార్కుల కాపలా కూడా దాని మీదే నడుస్తుంది. ఆ రకంగా చూస్తే ధర ఎక్కువని నాకు అనిపించదు. తక్కువ ధరకు ఎక్కువమందిని పంపడం కన్నా ఎక్కువ ధరకు తక్కువమందిని పంపడమే గొరిల్లాకు మేలు.

అలవాటు తెచ్చిన కొత్త భయం

అయితే మనిషి అంటే భయం పోగొట్టడం వల్ల వచ్చే కీడు కూడా ఉంది. 2020 జూన్‌లో న్కురింగో గుంపుకు పెద్దయిన ‘రఫీకి’ అనే సిల్వర్‌బ్యాక్ బల్లెం దెబ్బకు చనిపోయింది. చిన్న జంతువుల వేటకు వచ్చానని, మీదికి వస్తే పొడిచానని పట్టుబడ్డవాడు చెప్పాడు. అతనికి పదకొండేళ్ళ జైలు పడింది. మనిషిని చూసి పారిపోయే గొరిల్లా అయితే బతికేదేమో. అది కోవిడ్ కాలమన్నది కూడా మరవకూడదు. మార్చి నుంచి పర్యాటకం ఆగిపోయింది, దాని మీద బతికే ఊళ్ళలో సంపాదన పోయింది, ఉచ్చులు పెరిగాయి. టికెట్ డబ్బు మీదే సంరక్షణంతా ఆధారపడితే టికెట్లు ఆగిన రోజు ఏమవుతుందో అప్పుడు బయటపడింది.

అంతకన్నా పెద్ద భయం జబ్బులు. గొరిల్లాకు, మనిషికి డీఎన్ఏలో 98 శాతం పైగా పోలిక ఉంది. మనకు వచ్చే జలుబు దానికీ వస్తుంది. మనకు మూడు రోజుల్లో తగ్గేది దానికి న్యుమోనియా కావచ్చు. 2009లో రువాండాలో హీర్వా గుంపుకు మనుషుల్లో మామూలుగా కనిపించే ఒక శ్వాసకోశ వైరస్ సోకి రెండు చనిపోయాయి. 2021 జనవరిలో అమెరికాలోని శాన్ డీగో సఫారీ పార్కు గొరిల్లాలకు కోవిడ్ తేలినప్పుడు ఆఫ్రికా పార్కులన్నీ ఉలిక్కిపడ్డాయి.

బ్విండిలోనే 1996లో గొరిల్లాలకు గజ్జి సోకి ఒక పిల్ల చనిపోయింది. అప్పుడు వైద్యం చేసిన గ్లాడిస్ కలేమా-జికుసోకా ఉగాండా వన్యప్రాణి సంస్థకు తొలి పశువైద్యురాలు. ఆమె ఆరా తీస్తే అనుమానం అడవి అంచున ఉన్న పొలాల మీదికి మళ్ళింది. అక్కడ దిష్టిబొమ్మలకు తొడిగిన పాత బట్టలను గొరిల్లాలు ముట్టుకుని ఉండాలి. ఆ ఊళ్ళలో గజ్జికి మందు వేసేవాళ్ళే లేరు. అడవిలో జంతువుకు వైద్యం చేయాలంటే ముందు ఊళ్ళో మనిషికి వైద్యం అందాలని ఆమెకు అక్కడ అర్థమైంది. 2003లో ఆమె పెట్టిన ‘కన్సర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్’ సంస్థ ఈ రెండు పనులూ కలిపి చేస్తోంది. ఊరి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి క్షయ, గజ్జి, మరుగుదొడ్ల గురించి చూస్తారు, గొరిల్లాల పెంటను ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. గొరిల్లానూ పక్కింటి రైతునూ ఒకే రోగం కలుపుతుంటే ఒకే వైద్యం కూడా కలపాలి కదా.

నియమాల వెనక కారణాలు

పర్యాటకులకు చిరాకు తెప్పించే నియమాలన్నీ ఇక్కడి నుంచి పుట్టినవే. ఒక గుంపును రోజుకు ఒక్కసారే, ఒక్క బృందమే చూడాలి. బ్విండిలో మొదట ఆరుగురినే పంపేవారు, తరవాత ఎనిమిదికి పెంచారు. గంట దాటకూడదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు అనుమతి లేదు, పిల్లల నుంచి సోకే రోగాలు ఎక్కువ కాబట్టి. గతంలో ఏడు మీటర్ల దూరం పాటించమనేవారు, కోవిడ్ తరవాత అది పది మీటర్లు అయింది, మాస్కు తప్పనిసరి చేశారు. ఫ్లాష్ వాడకూడదు, దగ్గర్లో తినకూడదు, ఉమ్మకూడదు. అడవిలో మలవిసర్జన తప్పకపోతే గైడుతో చెప్పి లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్నవి అడవిలో నిలబడవు. జనం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న 858 గొరిల్లా ఫొటోలను ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలిస్తే 86 శాతం ఫొటోల్లో మనుషులు నాలుగు మీటర్ల లోపే ఉన్నారు. ఆ అధ్యయనం 2021లో వచ్చింది. ఒక్కోసారి గొరిల్లాలే దగ్గరికి వస్తాయి, ముఖ్యంగా పిల్లలు, దానికి సందర్శకుణ్ణి తప్పుపట్టలేం. కానీ చాలాసార్లు ఇంత డబ్బు పోశాం, ఇంకొంచెం దగ్గరికి తీసుకుపో అని గైడును బతిమాలేది మనమే. గైడుకు వచ్చే జీతం తక్కువ, చేతిలో పడే టిప్పు ఎక్కువ. ‘కుదరదు’ అనడం అతనికి ఎంత కష్టమో ఆలోచించండి. ఇక్కడ నియమం నిలబడేది పార్కు అధికారి వల్ల కన్నా సందర్శకుడి వల్లనే. మనకు గైడు నచ్చి టిప్పు ఇవ్వాలనుకుంటే, దూరం పాటించేలా చేసినందుకు ఇస్తున్నానని చెప్పి ఇవ్వాలి. జనం ఎక్కువగా చూసేది గొరిల్లా పక్కన మనిషి ఉన్న సెల్ఫీలనే, ఆ ఫొటో చూసి వచ్చే తరవాతి మనిషి అదే కావాలంటాడు.

డబ్బు ఎవరికి, భారం ఎవరికి

బ్విండి విస్తీర్ణం 321 చదరపు కిలోమీటర్లు. అడవి ఎక్కడ ఆగుతుందో అక్కడే, మధ్యలో గట్టు కూడా లేకుండా, పొలం మొదలవుతుంది. కొండవాలు మొత్తం మెట్లుమెట్లుగా అరటి, బంగాళదుంప, చిక్కుడు, టీ పంటలు. ఆఫ్రికాలో గ్రామీణ జనసాంద్రత ఇంతగా ఉన్న ప్రాంతాలు చాలా తక్కువ. ఈ రైతుల్లో ఎక్కువమంది బకిగా తెగవాళ్ళు. గొరిల్లాలు పొలంలోకి దిగితే అరటి గెలల జోలికి పెద్దగా పోవు, చెట్టునే చీల్చి లోపలి దూట తింటాయి. అంటే ఒక పంట కాదు, చెట్టే పోతుంది. మనుషులకు అలవాటైన గుంపులే ఎక్కువగా ఇలా బయటికి వస్తాయి. ఊరివాళ్ళే దళాలుగా ఏర్పడి, గంటలూ ఈలలతో వాటిని నొప్పి తగలకుండా అడవిలోకి మళ్ళిస్తారు.

ఈ నష్టానికి బదులుగా ఊళ్ళకు వచ్చేదేమిటి? ఉగాండా చట్టం ప్రకారం పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల ఊళ్ళకు చెందాలి. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ప్రవేశ రుసుము వేరు, గొరిల్లా పర్మిట్ వేరు. పర్మిట్ నుంచి ఊళ్ళకు ప్రత్యేకంగా తీసి ఇచ్చేది కొన్నేళ్ళుగా 10 డాలర్లు. 800లో 10 అంటే ఒక శాతం చిల్లర. ఆ డబ్బుతో బడి గదులు, రోడ్లు, మేకల పంపిణీ లాంటివి జరిగాయి, కాదనడం లేదు. అడవిలో తేనె పెట్టెలు పెట్టుకోవడానికి, మందు మొక్కలు, బుట్టల తీగలు కోసుకోవడానికి కొన్ని హద్దుల్లో అనుమతి కూడా ఇచ్చారు. అయినా చేను పోగొట్టుకున్న రైతుకు నేరుగా అందేది చాలా స్వల్పం. పర్మిట్ ధర 600 నుంచి 700కు, అక్కడి నుంచి 800కు పెరుగుతూ పోయినప్పుడు ఊరి వాటా కూడా దానితో పాటు పెరిగి ఉండాల్సింది. ఈ ఏర్పాటులో నాకు కనిపించే పెద్ద లోపం ఇది.

ఇంకా పాత అప్పు ఒకటుంది. బట్వాలు ఈ అడవుల్లో తరతరాలుగా వేటాడి, తేనె తీసి, దుంపలు తవ్వుకుని బతికిన ప్రజలు. గొరిల్లాను వాళ్ళు తినేవారు కాదు. 1991లో బ్విండి, విరుంగా శ్రేణిలో ఉగాండా వైపున్న ఎంగాహింగా పార్కులు ఏర్పడినప్పుడు వాళ్ళను అడవి నుంచి తరిమేశారు. పట్టాలు లేవు కాబట్టి పరిహారం కూడా చాలామందికి రాలేదు. ఇప్పుడు ఉగాండా మొత్తంలో వాళ్ళు ఆరు వేల పైచిలుకు. ఎక్కువమంది పక్క రైతుల పొలాల్లో కూలీలుగా, ఇతరుల నేల మీద గుడిసెలు వేసుకుని ఉంటున్నారు. 2021 ఆగస్టులో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం బట్వాలను అన్యాయంగా వెళ్ళగొట్టారని, వాళ్ళకు న్యాయమైన పరిహారం, ప్రత్యేక చర్యలు దక్కాలని తీర్పు ఇచ్చింది. వాళ్ళు కేసు వేసిన ఎనిమిదేళ్ళకు వచ్చిన తీర్పు అది.

నల్లమల గురించి తెలిసిన తెలుగువారికి ఇది కొత్తగా అనిపించదు. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో చెంచుల గూడేలను లోపలి ప్రాంతం నుంచి బయటికి రమ్మనడం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అయితే చెంచుల చేతిలో 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, గ్రామసభ సమ్మతి అడగాలి. పులుల రక్షణ సిబ్బందిలో కూడా చెంచులు ఉన్నారు. 1991లో బట్వాలకు అలాంటి కాగితం ఏదీ లేదు. అడవి లోపలి సంగతులు ఎవరికన్నా ఎక్కువ తెలిసిన బట్వాలకు ఇప్పుడు దొరికే పని చాలావరకు పర్యాటకుల ఎదుట నిప్పు రాజేసి చూపించడం, ఆడి పాడటం. బట్వాలు స్వయంగా నడిపే కార్యక్రమాలు కొన్ని ఉన్నాయి. వెళ్ళేవారు ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

సంఖ్య పెరగడం కూడా ఒక చిక్కే. అడవి పెరగడం లేదు. విరుంగాలో ఒకే కొండ మీద గుంపులు ఎక్కువైన కొద్దీ అవి ఎదురుపడి కొట్లాడుకోవడం, ఆ కొట్లాటల్లో వేరే గుంపు మగవి పిల్లలను చంపడం పెరిగిందని కరిసోకే పరిశోధకులు గుర్తించారు. రువాండా తన పార్కును పెంచే పని మొదలుపెట్టింది. దానికోసం మళ్ళీ రైతు కుటుంబాలను కదిలించాలి. 1991లో బట్వాలతో చేసినట్టు చేయకుండా ఆ పని జరుగుతుందా అన్నది ఇక చూడాల్సిన విషయం.

గొరిల్లా ఒక్కటే కాదు

గంట అయిపోగానే చాలామంది సామాను సర్దుకుంటారు. నాకు అది బాధగా ఉంటుంది. బ్విండి మంచుయుగాన్ని కూడా తట్టుకుని నిలిచిన అడవి, వయసు 25 వేల ఏళ్ళకు పైనే. సముద్ర మట్టానికి 1,160 మీటర్ల నుంచి 2,600 మీటర్ల వరకు తెగకుండా సాగుతుంది, కాబట్టి లోతట్టు అడవి జీవులు, కొండ జీవులు ఒకే చోట దొరుకుతాయి. కొండ గొరిల్లా, చింపాంజీ రెండూ బతికే అడవి ఇదొక్కటే. అయితే ఇక్కడి చింపాంజీలు మనిషికి కనిపించవు, వాటి కోసం ఉత్తరాన కిబాలే పార్కుకు పోవాలి. తెల్ల గడ్డం ఉన్న లోయెస్ట్ కోతి, పొడుగు తెల్ల తోక ఊపుతూ దూకే నలుపు-తెలుపు కోలబస్ మాత్రం దారి పక్కనే కనిపిస్తాయి. పక్షులు 350 జాతుల దాకా ఉన్నాయి. రుహీజా నుంచి ముబ్విండి చిత్తడి నేలకు దిగే దారి ఉంది. అరచేతిలో పట్టేంత ఆకుపచ్చని బ్రాడ్‌బిల్ పక్షి కోసం పక్షి ప్రేమికులు ప్రపంచం నలుమూలల నుంచి ఆ దారి నడవడానికి వస్తారు. అడవి ఏనుగులు కొద్ది సంఖ్యలో అటే తిరుగుతాయి. బృందానికి ముందూ వెనకా తుపాకీతో రేంజర్లు నడిచేది ముఖ్యంగా గాలిలోకి కాల్చి వాటిని బెదరగొట్టడానికే. 1999లో కాంగో వైపు నుంచి వచ్చిన రువాండా తిరుగుబాటుదారులు బుహోమా మీద పడి ఎనిమిది మంది పర్యాటకులను చంపిన తరవాత సైనిక కాపలా కూడా పెరిగింది.

వెళ్ళాలనుకునేవారికి

పర్మిట్ నెలల ముందే కొనాలి. కొనేటప్పుడే ఏ వైపు అన్నది తేలిపోతుంది: ఉత్తరాన బుహోమా, తూర్పున రుహీజా, దక్షిణాన రుషాగా, న్కురింగో. ఒకవైపు పర్మిట్ తీసుకుని మరోవైపు బస బుక్ చేసుకుని తెల్లవారుజామునే నాలుగు గంటల పాటు ఘాట్ రోడ్డు ప్రయాణం నెత్తిన వేసుకునేవారు చాలామంది. ఎంటెబ్బే విమానాశ్రయం నుంచి రోడ్డు మీద పూట కాదు, రోజంతా పడుతుంది. రువాండా రాజధాని కిగాలీ నుంచి దక్షిణం వైపుకు దగ్గర. ఉగాండా, రువాండా, కెన్యా మూడింటికీ కలిపి 100 డాలర్ల వీసా ఒకటి ఉంది. జూన్ నుంచి ఆగస్టు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాన తక్కువ. వాన అడవి కాబట్టి ఆ నెలల్లో కూడా తడవడానికి సిద్ధపడే పోవాలి.

ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకుండా ఉగాండా రానివ్వదు. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో కూడా అదే పత్రం అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ వాళ్ళకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి.

నడక అరగంటలో ముగియవచ్చు, ఆరు గంటలూ పట్టవచ్చు. గొరిల్లాలు ముందు రాత్రి ఎక్కడ పడుకున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. ట్రాకర్లు తెల్లవారుతూనే ఆ గూళ్ళ దగ్గర నుంచి అడుగులు పట్టుకుని పోయి రేడియోలో చెబుతుంటారు. నేల బురద, వాలు నిటారు, చేయి వేసిన చోటల్లా దురదగొండి. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటును లోపలికి దోపుకునే మేజోళ్ళు తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను నలుగురు మోసే డోలీలో తీసుకెళ్ళే ఏర్పాటు కూడా ఉంది. సంచి తేలికగా ఉన్నా సరే పోర్టర్‌ను పెట్టుకోండి. పర్మిట్ డబ్బులా కాకుండా ఈ కూలి ఆ సాయంత్రమే ఊళ్ళో ఒక ఇంటికి చేరుతుంది. వేట మానేసి ఈ పనిలోకి వచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

గొరిల్లా మీదికి వస్తే పరుగెత్తకూడదు. కూర్చుండిపోవాలి, కళ్ళలోకి చూడకూడదు, గైడు చెప్పింది చేయాలి. ఎక్కువసార్లు అది బెదిరింపే, నాలుగడుగుల్లో ఆగిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైన నియమం ముందు రాత్రి ఎదురవుతుంది. గొంతు గరగరమంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, ముక్కు కారుతుంది. ఏళ్ళ తరబడి దాచిన డబ్బు, ఖండాలు దాటిన ప్రయాణం, రేపు ఉదయమే నడక. మాత్ర వేసుకుని, మాస్కు కింద దాచుకుని పోదామనిపిస్తుంది. పోవద్దు. పొద్దున్నే రేంజర్‌కు చెప్పేయండి, వాళ్ళు వెళ్ళవద్దంటే బసలోనే ఆగిపోండి.